పేజీ అడుగున పేరు

తుంటి కీలు మార్పించుకుని ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన ఏడో వారంలో, వెర్నన్ కెటోలా తన పేరు పోయిందని తెలుసుకున్నాడు.

పోయింది ఇంటర్నెట్‌లో ఒక పేజీ అడుగు నుంచి. పదకొండేళ్లుగా ఆ పేజీ కింద చిన్న అక్షరాల్లో 'బాధ్యుడు: వెర్న్ కెటోలా, డులూత్' అని ఉండేది. మార్చి మొదటి సోమవారం పొద్దున, వంటింటి బల్ల దగ్గర చేతికర్ర కుర్చీకి ఆనించి, కాఫీ పక్కన పెట్టుకుని తెరిచి చూస్తే అక్కడ 'బాధ్యురాలు: మార్లిస్ ఓడెగార్డ్, డులూత్' అని ఉంది.

ఊరు కూడా మారలేదు. అతన్ని ఎక్కువ బాధించింది అదే. పోలండ్‌లోనో బ్రెజిల్‌లోనో ఉన్న ముక్కూ మొహం తెలియని మనిషి తీసుకుని ఉంటే ఒక పూట తిట్టుకుని ఊరుకునేవాడు. మార్లిస్ ప్రతి శనివారం ఫిన్నిష్ హాలు కింది అంతస్తులో, పాత కంప్యూటర్లకి ప్రాణం పోసే చోట, అతని పక్క బల్ల దగ్గరే కూర్చుంటుంది. ఆమెకు ఆ పని నేర్పింది అతనే.

కంప్యూటర్‌ని నడిపించే టామరాక్ లినక్స్‌ని ఏ కంపెనీ అమ్మదు. నాలుగు ఖండాల్లో చెదిరి ఉన్న రెండు మూడు వందల మంది తీరిక వేళల్లో దాన్ని నిలబెడుతుంటారు. ఒకరు ప్రింటర్ల సంగతి చూస్తారు, ఒకరు అక్షరాల సంగతి చూస్తారు. వెర్న్ చూసింది 'పాత ల్యాప్‌టాప్‌లో టామరాక్ పెట్టుకోవడం' అనే పేజీ. టామరాక్‌ని బొమ్మలు నొక్కుకుంటూ పెట్టుకోవడం కుదరదు. పెన్‌డ్రైవ్ తగిలించి యంత్రాన్ని దాని మీంచి లేపాలి. డిస్క్‌ని భాగాలు చేయాలి. ఏ ప్యాకేజీలు, అంటే ఏ సాఫ్ట్‌వేర్ ముక్కలు కావాలో, పేర్లు టైపు చేసి నెట్ నుంచి దించుకోవాలి. చివరికి పెన్‌డ్రైవ్ పీకేసి, యంత్రం సొంతంగా లేస్తుందో లేదో చూడాలి. వెర్న్ ముప్పై నాలుగేళ్లు ఇనుప ఖనిజం రేవులో ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాడు. అక్కడ కరెంటు పని ఎలా చేశాడో పేజీ కూడా అలాగే రాశాడు. ప్రతి మెట్టుకీ ముందు ఒక హెచ్చరిక, వెనక ఒక కారణం. అచ్చు వేస్తే ఇరవై రెండు కాగితాలు వచ్చేవి.

ఆ సమాజంలో ఒక నియమం ఉంది. పేజీ మీద ఎవరైనా అడిగిన ప్రశ్నకు ముప్పై రోజుల్లో బాధ్యుడు జవాబివ్వకపోతే, ఆ పేజీకి 'అనాథ' అని ముద్ర పడుతుంది. ఆ తర్వాత దాన్ని ఎవరైనా దత్తత తీసుకోవచ్చు, పాత బాధ్యుణ్ణి అడగక్కర్లేదు. ఆ నియమం పెట్టాలని ఆరేళ్ల కిందట ఓటేసిన వాళ్లలో వెర్న్ ఉన్నాడు. అతను కూడా రెండు అనాథ పేజీలను దత్తత తీసుకున్నాడు. వాటి పాత బాధ్యులు బతికున్నారో లేదో కనుక్కోలేదు.

జనవరి పదిహేడున అతన్ని ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టారు. పద్దెనిమిదిన స్పెయిన్ నుంచి ఎవరో ఏదో ప్రశ్న అడిగారు. ఫిబ్రవరి పదిహేడున ముద్ర పడింది. పంతొమ్మిదిన మార్లిస్ దత్తత తీసుకుంది.

"రెండ్రోజులు. రెండ్రోజులు కూడా ఆగలేదు," అన్నాడు వెర్న్.

అతని భార్య లోయిస్ సింకు దగ్గర బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. "నీకు ఆపరేషన్ అయినప్పుడు క్యాసరోల్ వండి తెచ్చింది ఆవిడే కదా. రెండుసార్లు తెచ్చింది."

"తెచ్చింది."

"ఆ గిన్నె ఇంకా ఇవ్వలేదు మనం."

వెర్న్ కాఫీ కప్పు పక్కకి జరిపాడు. పేజీని పైనుంచి కిందికి చదివాడు. ఇరవై రెండు కాగితాలది తొమ్మిదికి దిగింది.

* * *

ఆ శనివారం అతను చేతికర్రతో హాలుకి వెళ్లాడు. మెట్లు దిగుతుంటే కింద నుంచి నవ్వులు వినిపించాయి. మార్లిస్ నవ్వదు, నవ్విస్తుంది. ఇరవై ఆరేళ్లు స్కూలు బస్సుల డిస్పాచర్‌గా చేసింది. మంచు తుపానులో నలభై బస్సులకి రేడియోలో దారి చెప్పిన మనిషి. ఒక వాక్యానికి ఒకే పని. విన్నవాడు 'ఏమన్నారు' అని తిరిగి అడిగే అవసరం రాకూడదు. గొంతులో ఆ అలవాటు ఇంకా పోలేదు.

నాలుగేళ్ల కిందట ఆమె ఈ మెట్లే దిగి వచ్చినప్పుడు, చంకలో ఒక చచ్చిన ల్యాప్‌టాప్ ఉంది. వెర్న్ రెండు శనివారాలు పక్కన కూర్చుని నేర్పాడు. మూడో శనివారం ఆమె ఒక్కతే చేసుకుంది. ఐదో శనివారం ఇంకొకరికి చేసిపెట్టింది. ఆ వేగం అతనికి అప్పుడు గర్వంగా ఉండేది.

హాలు తాళాలు చూసుకునే గేలెన్ కాఫీ మరిగే చోటు నుంచి చేయి ఎత్తాడు. "వచ్చాడయ్యా ఇనుప మనిషి. తుంటిలో ఏం వేశారు? మన ఖనిజమేనా?"

"టైటానియం."

"చూశావా, రేవులో అన్నేళ్లు చేసినా మన ఇనుము నీకు పనికిరాలేదు."

మార్లిస్ లేచి అతని కోసం కుర్చీ లాగింది. అది ఆ మూల బల్ల ముందున్న కుర్చీ, అతనిదే. దాని మీద ఆమె కోటు ఉంది. తీసి పక్కన పెట్టింది.

"పేజీ సంగతి నీతో ఫోన్‌లో చెప్పకూడదనుకున్నా," అంది. "మొహం చూసి చెప్పాలనుకున్నా. కానీ నువ్వే చూసుకుని ఉంటావు."

"చూశాను."

"కోపం వచ్చిందా?"

"నియమం నియమమే కదా."

"నేనడిగింది అది కాదు, వెర్న్."

అతను కర్రని బల్లకి ఆనించాడు. అది జారి కింద పడింది. మార్లిస్ వంగి తీసిచ్చింది.

"నాకోసం కాపాడి పెడదామనుకున్నావేమో," అన్నాడు. ఆమె అవునంటుందని అతనికి ఆశగా ఉంది. ఆ మాట ఆమె నోటి నుంచి వస్తే ఈ వారమంతా పోగుచేసుకున్నది ఎక్కడో ఒక చోట దించుకోవచ్చు.

"కాదు," అంది మార్లిస్. "అబద్ధం ఎందుకు చెప్పాలి. ఎప్పటి నుంచో చేయాలనుకుంటున్నా. నీ పేజీ చదివి సగంలో మానేసినవాళ్లని ఈ బల్ల దగ్గరే పదిమందిని చూశా. నువ్వు మంచం మీద ఉన్నప్పుడు తీసుకోవడం బాగోలేదు, అది ఒప్పుకుంటా. కానీ కావాలనే తీసుకున్నా."

గేలెన్ కాఫీ కప్పులు తెచ్చి ఇద్దరి మధ్య పెట్టి వెళ్లిపోయాడు.

* * *

ఆ తర్వాత మూడు వారాలు వెర్న్ ఆ పేజీని రోజూ చదివాడు. ఫిజియోథెరపీ అయ్యాక పదిన్నరకి కూర్చునేవాడు. ఏదైనా తప్పు దొరక్కపోతుందా అని చదివేవాడు.

దొరకలేదు. అతను అరపేజీ రాసిన హెచ్చరికని ఆమె ఒక్క ముక్కలో చెప్పింది: 'ఆగండి. డిస్క్ పేరు గట్టిగా చదవండి. అది మీరు చెరపాలనుకున్న డిస్కేనా?' గట్టిగా చదవమనడం వెర్న్‌కి పదకొండేళ్లలో తట్టలేదు. దాని కింద వియత్నాం నుంచి ఒకతను రాశాడు: 'ఆ వాక్యం నా డిస్క్‌ని కాపాడింది.' కెనడా నుంచి ఒకామె రాసింది: 'ఇంత తేలికని ముందే ఎందుకు చెప్పలేదు?' ముందు చెప్పిన మనిషి ఎవరో ఆమెకి తెలియదు. వెర్న్ ఆ వాక్యాన్ని మూడు నాలుగు సార్లు చదివాడు.

పదకొండేళ్లలో అతని పేజీకి వచ్చిన మెప్పులు అతనికి లెక్క తెలుసు, పద్నాలుగు. మార్లిస్‌కి ఐదు వారాల్లో తొమ్మిది వచ్చాయి.

మార్చి చివరి శనివారం హాల్లో పెద్ద రోజు. ఏటా ఆ రోజున చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు పాత యంత్రాలు తెచ్చుకుంటారు, అందరూ కలిసి ఒకేసారి టామరాక్ పెట్టుకుంటారు. ఎప్పుడూ వెర్న్ ముందు నిలబడి మెట్లు చదివేవాడు. ఈసారి గేలెన్ గోడకి అంటించిన కాగితం మీద మార్లిస్ పేరుంది. పేజీ ఎవరిదైతే చదివేది వాళ్లే. ఎవరూ పట్టుబట్టి పెట్టిన పద్ధతి కాదు, అలా జరుగుతూ వచ్చింది.

దానికి ముందు బుధవారం, వెర్న్ ఆస్పత్రిలో ఉన్నప్పుడు చదవకుండా వదిలేసిన ఉత్తరాలు ఒక్కొక్కటే తీశాడు. టామరాక్ వాళ్లు సభ్యులకి పంపే ప్రకటనలు. జనవరి ఇరవై తొమ్మిది నాటి దానిలో నాలుగో అంశం దగ్గర ఆగాడు. మార్చి కూర్పు నుంచి నెట్‌వర్క్ నడిపే ప్యాకేజీ మూల సరుకుతో పాటు, అంటే అడక్కుండానే దిగేవాటితో పాటు, రాదు. కావాలనుకున్నవాళ్లు జాబితాలో దాని పేరు విడిగా రాసి దించుకోవాలి.

వెర్న్ పేజీ తెరిచాడు. ప్యాకేజీల జాబితాలో ఆ పేరు లేదు. పైగా కింద ఒక వాక్యం ఉంది: 'నెట్ గురించి దిగులు వద్దు. మూల సరుకుతోనే వస్తుంది.'

అతను కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. ఎంత పొట్టి వాక్యం. ఎంత ధీమా. సరిచూసుకోకుండా మనిషికి ఇంత ధీమా ఎలా వస్తుంది?

ఏం జరుగుతుందో అతనికి కళ్లకు కట్టినట్టు కనిపించింది. పని జరుగుతున్నంతసేపూ నెట్ బ్రహ్మాండంగా ఉంటుంది, ఎందుకంటే అది పెన్‌డ్రైవ్ తెచ్చిన నెట్. అన్నీ దిగుతాయి, అందరూ చప్పట్లు కొడతారు. పెన్‌డ్రైవ్ పీకి యంత్రాన్ని తిరిగి లేపినప్పుడు తెలుస్తుంది. నెట్ ఉండదు. నెట్ తెచ్చే ప్యాకేజీని దించుకోవడానికి నెట్ కావాలి. ఏదో ఒకటి మరిచి అలాంటి గోతిలో ఒక్కసారైనా పడకుండా టామరాక్ వాడినవాడు లేడు. కానీ హాలు నిండా జనం ముందు పన్నెండు యంత్రాలు ఒకేసారి పడటం ఎవరూ చూడలేదు.

ఒక్క పేరు. పేజీని ఎవరైనా దిద్దవచ్చు. అర నిమిషం పని. వెర్న్ వేలు మీట మీద పెట్టి, తీసేశాడు.

"ఏంటి, ఇవాళ నొప్పి తగ్గిందా? ఈల వేస్తున్నావు," అంది లోయిస్ భోజనాల దగ్గర.

"నేనా? లేదే."

"వేశావు. రేవుకి ఓడ వచ్చినప్పుడు నువ్వు వేసేదే."

శుక్రవారం మధ్యాహ్నం మార్లిస్ ఫోన్ చేసింది.

"వెర్న్, ఒక సాయం కావాలి. రేపటికి ముందు పేజీ ఒకసారి పైనుంచి కిందికి చదివి చూడవా? నా కళ్లకి ఇక ఏమీ కనపడట్లేదు. నాకంటే నీకే ముందు తెలుస్తుంది, ఎక్కడైనా కాలు జారితే."

వెర్న్ కిటికీలోంచి సరస్సు వైపు చూశాడు. ఒడ్డున మంచు పగిలి పలకలు పలకలుగా ఉంది.

"చదివాను," అన్నాడు.

"ఆహా. ఎలా ఉంది మరి?"

"బాగుంది."

ఫోన్ అవతల ఆమె ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. "నువ్వు బాగుందన్నావంటే ఇక నాకు భయం లేదు," అంది. "నాలుగేళ్లలో ఆ మాట నీ నోట ఇదే వినడం."

* * *

శనివారం పన్నెండు మంది వచ్చారు. గేలెన్ వాళ్లావిడ అడవి బియ్యం సూప్, నిమ్మ బార్లు అనే తీపి ముక్కలు తెచ్చి వెనక బల్ల మీద పెట్టింది. హాలు పెన్‌డ్రైవ్‌లు పన్నెండూ గోడ మీద చెక్క పలకకి కొక్కేలకి వేలాడుతున్నాయి. ఒక్కొక్కదానికి ఒక అంకె. వెళ్లేటప్పుడు ఎవరిది వాళ్లు తిరిగి తగిలించాలి. ఆ పలక వెర్న్ చేసిందే.

అతను వెనక వరుసలో కూర్చున్నాడు. పక్కన సిల్వర్ బే నుంచి వచ్చిన డెల్మర్ హౌగ్ అనే పెద్దాయన. డెబ్బై దాటాయి. మంచు మీద నడిపే స్నోమొబైల్ బళ్ల క్లబ్బుకి కార్యదర్శి. ఏ బాట తెరిచి ఉంది, ఏ వాగు మీద మంచు పలచబడింది అన్నది ప్రతి ఆదివారం మధ్యాహ్నానికి అందరికీ పంపడం ఆయన పని.

"ఆవిడ చెబుతుంటే ఇంట్లో మా ఆవిడ చెబుతున్నట్టుంది," అన్నాడు డెల్మర్ గొంతు తగ్గించి. "తేడా ఏంటంటే ఇక్కడ అర్థమవుతోంది."

మార్లిస్ ఒక్కొక్క మెట్టు చదివింది. డిస్క్ పేరు గట్టిగా చదవమన్నప్పుడు పన్నెండు మంది పన్నెండు రకాలుగా పలికి నవ్వుకున్నారు. వెర్న్ నవ్వలేదు. ప్యాకేజీల మెట్టు దగ్గరికి వచ్చేసరికి అతను కుర్చీలో ముందుకి జరిగాడు. ఇప్పుడు చెప్పినా సరిపోతుంది. చెయ్యెత్తి ఒక్క పేరు చెబితే చాలు. అందరూ తిరిగి అతని వైపు చూస్తారు. వెర్న్ ఉన్నాడు కాబట్టి సరిపోయింది అంటారు. ఆ ఆలోచన తీయగా ఉంది. ఇంకో ఆలోచన దానికంటే తీయగా ఉంది. చెయ్యెత్తలేదు.

పదకొండున్నరకి సరుకు దిగడం పూర్తయింది. డెల్మర్ గడియారం చూసుకుని లేచాడు. "మనవరాలి హాకీ ఆట ఉంది. ఇక మిగిలింది ఆపి మళ్లీ లేపడమేగా? అది ఇంటి దగ్గర చేసుకుంటా." ల్యాప్‌టాప్ మూసి, ఏడో అంకె పెన్‌డ్రైవ్‌ని మర్యాదగా కొక్కేనికి తగిలించాడు. ఒక నిమ్మ బారు చేతి రుమాల్లో చుట్టుకున్నాడు.

వెర్న్ నోరు తెరిచాడు. డెల్మర్ అప్పటికే మెట్లెక్కుతున్నాడు.

పావుగంట తర్వాత మిగిలిన పదకొండు యంత్రాలు ఒకదాని వెనక ఒకటి లేచాయి. హాల్లో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. తర్వాత కిటికీ దగ్గరామె, "నాకు నెట్ రావట్లేదు," అంది. "నాకూ," అన్నారు ఇంకొకరు. చప్పట్లు ఆగిపోయాయి.

మార్లిస్ మొదటి యంత్రం దగ్గర వంగింది. రెండో దాని దగ్గర వంగింది. నిటారుగా నిలబడింది. మెడ దాకా ఎర్రబడింది. ఈ క్షణాన్ని వెర్న్ బుధవారం నుంచి ఎన్నోసార్లు ఊహించుకున్నాడు. ఊహలో ఆమె తడబడింది.

"అందరూ వినండి," అంది మార్లిస్, రేడియో గొంతుతో. "ఏమీ పోలేదు. ఒక ప్యాకేజీ రాలేదు. పెన్‌డ్రైవ్ మళ్లీ పెట్టండి. దాని మీంచి లేపండి. ఎవరూ ముందుకి వెళ్లొద్దు, నేను చెప్పేదాకా సూప్ తాగండి."

గేలెన్ అప్పటికే గోడ మీది తెర మీద పేజీ చరిత్ర తెరిచాడు. ఏ వాక్యం ఎవరు, ఏ రోజు రాశారో అందులో ఉంటుంది. "మూల సరుకుతోనే వస్తుందన్నది ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం," అంటూ వెనక్కి జరిపాడు. ఫిబ్రవరి. పోయిన ఏడాది. అంతకు ముందు ఏడాది. అలా వెనక్కి వెళ్లి వెళ్లి పదకొండేళ్ల కిందటి ఒక మే నెల దగ్గర ఆగాడు.

'నెట్ గురించి దిగులు వద్దు. మూల సరుకుతోనే వస్తుంది.' పక్కన: వెర్న్ కెటోలా.

గేలెన్ తెర మూసేశాడు. చూడాల్సినవాళ్లు చూశారు.

"నీ పేజీలో నేను ముట్టుకోనిది ఆ ఒక్కటే," అంది మార్లిస్, వెర్న్ పక్కకి వచ్చి, ఇంకెవరికీ వినపడకుండా. "అంత చక్కగా ఉంది. నీ అన్ని వాక్యాల్లోకీ నాకు నచ్చింది అదే. అలాగే ఉంచేశా."

పొట్టిగా ఉంది కాబట్టి అది ఆమెదే అనుకున్నాడు వెర్న్. తను రాసిందే తను గుర్తుపట్టలేదు. ఆ మాట ఆమెతో అనలేదు.

అప్పుడు డెల్మర్ సంగతి గుర్తొచ్చింది ఇద్దరికీ ఒకేసారి. గోడ మీద ఏడో కొక్కేనికి పెన్‌డ్రైవ్ వేలాడుతోంది.

"పాత సిస్టమ్ చెరిపేశాడు," అంది మార్లిస్. "నెట్ లేదు. పెన్‌డ్రైవూ లేదు. నేను వెళ్తా, వీళ్లని నువ్వు..."

"నువ్వుండు," అన్నాడు వెర్న్. "వీళ్లు నీ గొంతుకి అలవాటు పడ్డారు."

అది నిజం. చెప్పడానికి కష్టంగానే ఉంది.

* * *

ఏడో పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని బయల్దేరితే సిల్వర్ బేకి గంట పైన పట్టింది. తుంటి మొరాయించి దారిలో రెండుసార్లు ఆగాడు. డెల్మర్ ఆట నుంచి వచ్చి వంటింట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు.

"ఆడపిల్లలు గెలిచారు. ఇది ఓడిపోయింది," అన్నాడు. "రేపు మధ్యాహ్నానికి బీవర్ వాగు బాట మూసేశామని పంపాలి నేను. మంచు కింద నీళ్లు కదులుతున్నాయి అక్కడ. ఇది లేవకపోతే ఒక్కొక్కడికీ ఫోన్లు చేసుకోవాలి, ఎనభై మందికి."

వెర్న్ పెన్‌డ్రైవ్ పెట్టి లేపాడు. లోపలికి వెళ్లి, ఆ ఒక్క పేరు టైపు చేశాడు. అది దిగడానికి పట్టినంతసేపు డెల్మర్ పొగబెట్టిన చేప, బిస్కెట్లు బల్ల మీద పెట్టాడు.

"ఆవిడ కాగితం మాత్రం చాలా బాగుందయ్యా," అన్నాడు. మార్లిస్ తొమ్మిది కాగితాలు అక్కడే మడతపెట్టి ఉన్నాయి. "నాలాంటి వాడికి కూడా ఎందుకు చేస్తున్నానో తెలిసింది. ఏదో ఒక చోట పొరపాటు పడిందిలే పాపం. ఎవరైనా పడతారు."

"ఆవిడ పొరపాటు కాదు," అన్నాడు వెర్న్.

"మరి?"

"ఆ ముక్క నేను రాసింది. ఆ పేజీ నాదే. పదకొండేళ్లు నేనే చూశాను."

డెల్మర్ చేప ముక్క నోట్లో పెట్టుకుని అతని వైపు చూశాడు. "పొరపాటు చేశానని చెబుతున్నావా, గొప్ప చెప్పుకుంటున్నావా?" అన్నాడు.

వెర్న్ తెర వైపు తిరిగి, యంత్రాన్ని ఆపి మళ్లీ లేపాడు. ఈసారి నెట్ వచ్చింది.

* * *

ఆదివారం పొద్దున లోయిస్ చర్చికి తయారవుతుంటే, వెర్న్ వంటింటి బల్ల దగ్గర పేజీ తెరిచాడు. మార్లిస్ ముందే వచ్చి వెళ్లింది. జాబితాలో ప్యాకేజీ పేరు చేర్చింది. ఆ పాత వాక్యం తీసేసింది. కింద చర్చలో రాసింది: 'నిన్న డులూత్‌లో పన్నెండు యంత్రాలు నెట్ లేకుండా లేచాయి. జనవరి ప్రకటన నేను సరిగా చదవలేదు. తప్పు నాది. సరిచేశాను.'

అప్పటికే దాని కింద నాలుగు జవాబులున్నాయి. ఇలా ఒప్పుకునేవాళ్లు ఎంతమంది ఉంటారని ఒకరు, మీ పేజీ మీద నమ్మకం ఇంకా పెరిగిందని ఒకరు.

వెర్న్‌కి ఒళ్లు మండింది. పేజీ తీసుకుంది. కుర్చీ తీసుకుంది. హాలు తీసుకుంది. ఇప్పుడు తప్పు కూడా తీసుకుని, దానికి కూడా మెప్పులు పొందుతోంది. ఆ తప్పు తనది. పదకొండేళ్ల కిందట మే నెలలో తన చేత్తో రాసింది. చరిత్రలో తేదీతో సహా ఉంది.

దిద్దుబాటు పెట్టె తెరిచి టైపు చేశాడు: 'ఆ వాక్యం మార్లిస్‌ది కాదు. నాది. చరిత్ర చూడండి. వెర్న్ కెటోలా.'

చదువుకున్నాడు. బాగుంది. పొట్టిగా ఉంది. తన పేరు మళ్లీ ఆ పేజీ అడుగున ఉంటుంది.

లోయిస్ గుమ్మంలో నిలబడి గ్లవ్స్ వేసుకుంటోంది. "బుధవారం ఈల ఎందుకు వేశావో ఇప్పుడైనా చెబుతావా?"

"ఏ ఈల?"

"సరే. నేను బయట కారు వేడెక్కిస్తుంటా. ఆ క్యాసరోల్ గిన్నె కడిగి పెట్టా, వచ్చేటప్పుడు తీసుకురా. దారిలో ఇచ్చేద్దాం."

తలుపు మూసుకుంది. గిన్నె స్టవ్ పక్కన బోర్లించి ఉంది, నీలం అంచుది, అడుగున టేపు ముక్క మీద 'ఓడెగార్డ్' అని రాసి ఉంది.

వెర్న్ మళ్లీ తెర వైపు తిరిగాడు. రాసిన మూడు వాక్యాల్లో అబద్ధం లేదు. వాటి కింద ఇంకో వాక్యం టైపు చేశాడు: 'ఈ లోపం నేను బుధవారమే చూశాను.' ఆగాడు. చెరిపేశాడు. బయట లోయిస్ కారు స్టార్ట్ చేయడం వినిపించింది. అదే వాక్యం మళ్లీ టైపు చేశాడు. ఈసారి దాని పక్కన మరొకటి చేర్చాడు: 'శుక్రవారం ఆమె అడిగితే, బాగుందని చెప్పాను.'

ప్రతి దిద్దుబాటుకీ కారణం రాయమని అడిగే గడి ఒకటి ఉంటుంది. చాలామంది ఖాళీగా వదిలేస్తారు. వెర్న్ దానిలో 'అసూయ' అని రాసి, భద్రపరచు అన్న మీట నొక్కాడు. గిన్నె తీసుకుని లేచాడు.

మార్లిస్ ఇంటి ముందు అతను కారు దిగలేదు. లోయిసే వెళ్లి గిన్నె ఇచ్చి వచ్చింది. "మొహం మామూలుగానే ఉంది. ఫోన్ చూస్తోంది," అని మాత్రం చెప్పింది.

సాయంత్రం నాలుగింటికి చర్చలో అతని మాటల కింద ఒక జవాబు ఉంది. ఇంకెవరూ ఏమీ రాయలేదు, మార్లిస్ ఒక్కతే రాసింది.

'చదివాను. కోపంగా ఉంది. కొన్ని రోజులు ఉంటుంది. శనివారం తొమ్మిదిన్నరకి రా. తెర కట్టడానికి ఇద్దరు కావాలి.'

ఐదు వాక్యాలు. వెర్న్ ఎక్కడైనా ఒక్క మాట ఎక్కువైందేమో అని రెండుసార్లు చదివాడు. దొరకలేదు.